పేరుకు ముందు సాక్ష్యం

జల్‌పల్లి చెరువు రాళ్లపై గోధుమరంగు జిగట పొర కనిపిస్తే కాలు జారుతుందని తప్పుకుంటాము. అటువంటి పొరల్లో సాధారణంగా నివసించేవి డయాటమ్‌లు. నాచు వర్గానికి చెందిన ఈ ఏకకణ జీవులు పెట్టె, మూత వలె అమరే సిలికా కవచాన్ని ధరిస్తాయి. భూమిపై ఉత్పత్తయ్యే ఆక్సిజన్‌లో సుమారు ఐదో వంతు వీటిదే.

వీటిలో కొత్త జాతిని నిర్ధారించడం సులభం కాదు. పొరను బ్రష్‌తో గీకి, రసాయనాలతో శుద్ధిచేస్తే కవచం మిగులుతుంది. దానిపై గీతలను లెక్కించి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో రంధ్రాల అమరికను చూసి, లోగడ వర్ణించిన జాతులతో పోల్చాలి. ఆపై వర్ణనను, చిత్రాన్ని ప్రచురించి, మూల నమూనాను ఇతరులు పరిశీలించగలిగే చోట భద్రపరచాలి. లేకుంటే పేరు చెల్లదు. ఉల్లేఖకుల పరంపరను పరీక్షించే హదీసు విద్య బోధించే మాకు ఈ నియమం ఎంతో పరిచితంగా తోచింది.

పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల నదీజలాల్లో లభించిన డయాటమ్‌ను ఇలాగే పరిశీలించి, ‘ఇండికోనీమా’ అనే కొత్త ప్రజాతిని ప్రకటించారు. దగ్గరి బంధువైన గోంఫోనీమాకు అడుగు కొనలోనే ఉండే సూక్ష్మరంధ్రాల సముదాయం దీనికి రెండు కొనల్లోనూ ఉంది.

మన చెరువులూ ఈ విద్యకు అపరిచితం కావు. హైదరాబాద్ చేపల చెరువుల నాచుపై ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.ఆర్. జాఫర్ పరిశోధన 1964లో ‘హైడ్రోబయాలజియా’ పత్రికలో వెలువడింది.

మురుగు చేరితే నిర్మల జలంలోనే జీవించే జాతులు ముందుగా తొలగిపోతాయి. పేరు పొందకముందే అంతరించిన జీవికి సాక్ష్యం ఎవరు చెబుతారు? చెరువు మన చేతిలోని అమానతు. చెత్త వేసే ముందు ఆ మాట గుర్తుంచుకుందాము.