రక్తహీనత: ప్రతి వయసులోనూ నివారణ సాధ్యమే

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ ప్రధానంగా రైల్వే పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరి రూపురేఖలను మార్చివేసింది. రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు, బెంగాలీ, ఒడియా కుటుంబాలు స్థానికులతో కలసిమెలసి ఇక్కడే స్థిరపడ్డాయి. పట్టణంలోని టోకు వర్తకానికి వ్యాపార్ విహార్ నెలవు. ఏ భాష మాట్లాడే కుటుంబమైనా వంటకు కావలసిన సరుకులు బజారు నుంచే రావాలి. వంటలు వేరైనా, ఈ ఇళ్ళలోని స్త్రీలను పీడించే లోపం ఒకటే. అది రక్తహీనత.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఛత్తీస్‌గఢ్‌లో 60.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనులు.

కారణాలు

ప్రాణవాయువును శరీరమంతటికీ చేరవేసే హీమోగ్లోబిన్ తయారీకి ఇనుము అవసరం. నెలసరి వల్ల కొంత ఇనుము నష్టమవుతుంది. గర్భంలోని శిశువు మరికొంత గ్రహిస్తుంది. అందరికీ వడ్డించి మిగిలినది తినే ఆచారం ఈ లోటును పూడనివ్వదు. రక్తం తక్కువగా ఉన్న తల్లి కాన్పు సమయపు రక్తస్రావాన్ని తట్టుకొనలేక ప్రాణాపాయానికి లోనుకావచ్చు. పుట్టే బిడ్డ కూడా తక్కువ బరువుతో ఉండవచ్చు.

ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమూ ఆవశ్యకమే. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్స్, ఈస్ట్ సారంతో అది నయమవుతున్నదని 1931లో ప్రకటించారు. ఆ సారంలోని గుణం ఫోలిక్ ఆమ్లానిదేనని తరువాత తేలింది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాల 1945లో దానిని కృత్రిమంగా తయారుచేయగలిగింది. నేడు గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

వయసును బట్టి జాగ్రత్తలు

బాలికలకు పదేళ్ళు నిండినప్పటి నుంచి వారానికొక ఇనుము మాత్ర, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మందు ఇవ్వాలి. గర్భిణులు నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పు తరువాత మరి 180 రోజులు ప్రతిదినం మాత్ర వేసుకోవాలి. హీమోగ్లోబిన్ సాధారణ స్త్రీలలో డెసిలీటరుకు 12 గ్రాములకు, గర్భిణులలో 11 గ్రాములకు తగ్గరాదు.

ముప్పై ఏళ్ళు దాటినవారు రక్తపోటు, మధుమేహం, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలను నిర్ణీత కాలంలో చేయించుకోవాలి. నెలసరి ఆగిన తరువాత ఎప్పుడు రక్తం కనిపించినా వెంటనే వైద్యులను సంప్రదించాలి.

ఛత్తీస్‌గఢ్‌లో కొడవలి కణ వ్యాధి ఎక్కువ. ఇది వంశపారంపర్యమైనది, ఇనుము మాత్రలతో నయం కాదు. తల్లిదండ్రులిద్దరూ ఈ లక్షణ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కనుక వివాహానికి ముందే రక్తపరీక్ష శ్రేయస్కరం.

ఆహారంలో తోటకూర వంటి ఆకుకూరలు, ఉలవలు, పెసలు, తినేవారికి మాంసం, చేపలు ఉండాలి. నిమ్మరసం, ఉసిరి ఇనుమును ఒంటికి పట్టిస్తాయి. భోజనంతోగాని, మాత్రతోగాని టీ తాగడం దానికి ఆటంకం.

ఇరుగుపొరుగు తోడ్పాటు

ఈ విషయాలను ఇంటింటికీ చేర్చేందుకు ఛత్తీస్‌గఢ్ 2002లో మితానిన్ పథకాన్ని చేపట్టింది. మితానిన్ అంటే స్థానిక భాషలో నెచ్చెలి. ఊరివారే ఎన్నుకున్న స్త్రీ శిక్షణ పొంది సాటి స్త్రీలకు సలహాలిస్తుంది. 2005లో దేశమంతటా ఆరంభమైన ఆశా కార్యకర్తల పథకానికి ఈ అనుభవం తోడ్పడింది.

అయితే ఏ కార్యకర్త చెప్పినా ఆచరణకు తావు ఇల్లే. ఇంటి సరుకుల చీటీలో పప్పుకూ ఆకుకూరకూ చోటు దొరకాలి. వండిన దానిలో ఇల్లాలికీ, ఆడపిల్లకూ సమాన భాగం ఉండాలి. వ్యాధి ముదిరిన తరువాత చేసే ఖర్చుతో పోలిస్తే ఈ జాగ్రత్తకు అయ్యే వ్యయం స్వల్పం.