విదేశపు పాత విడిభాగములు: కొనుటకు ముందు వేయవలసిన లెక్క

పావలా కోడికి ముప్పావలా మసాలా యను సామెత మన రైతులకు క్రొత్త కాదు. విదేశములనుండి మోటారుబండ్ల పాత విడిభాగములను తెప్పించుకొనదలచినవారు ముందుగా దీనిని జ్ఞప్తికి దెచ్చుకొనవలెను.

ఇటీవల మన సభ్యులలో నొకరు కార్యాలయమునకు వచ్చిరి. సంతకు కూరగాయలు చేర్చు వారి పాత వ్యానునకు గేరుబాక్సు చెడినది. జపానులో నొక వర్తకుడు వాడిన గేరుబాక్సును రూ. 40,000లకు ఓడ కెక్కించి యిచ్చెదనని వ్రాసెనట. వంకాయ పంట సొమ్మును పంపుటకు వారు సిద్ధముగా నుండిరి. మేము వారిని కూర్చుండబెట్టి వేసిన లెక్క యిది.

సుంకము వస్తువు వెలమీద మాత్రమే పడదు. ఓడకూలియు, భీమాయు వెలతో చేరును. వాటికి ఆధారము చూపనిచో, 2007 నాటి నిబంధనల ప్రకారము ఓడ కెక్కించువరకు గల వెలలో 20 శాతము కూలిగను, 1.125 శాతము భీమాగను కట్టుదురు. అనగా రూ. 8,000, రూ. 450. మొత్తము రూ. 48,450. సుంకపు దర వస్తువు తరగతిని బట్టి మారును. మేము 15 శాతము చొప్పున వేయగా రూ. 7,267.50 అయినది. ఆ సుంకముపై 10 శాతము సాంఘిక సంక్షేమపు సర్‌ఛార్జి రూ. 726.75. వీనినన్నిటిని కూడి, ఆ మొత్తముపై 18 శాతము ఐజీఎస్టీ వేయగా సుమారు రూ. 10,160. నలుబదివేల వస్తువు రూ. 66,604 అయినది! రేవు ఖర్చులు, క్లియరింగు ఏజెంటు రుసుము, బ్యాంకు కమీషను, ఊరిదాక లారీకూలి వేరు. జీఎస్టీ నమోదు లేని రైతునకు ఐజీఎస్టీ తిరిగి రాదు.

అంతకంటె ముఖ్యమైనది అనుమతి. దిగుమతికి ఐఈసీ నంబరు కావలెను. వాడిన సరకులకు సాధారణముగా విదేశ వాణిజ్య డైరెక్టరేటు జనరల్ వారి అనుమతి కూడ నుండవలెను. బాగుచేసిన యంత్రపు విడిభాగములకు, 80 శాతము ఆయువు మిగిలియున్నదని చార్టర్డు ఇంజనీరు ధ్రువపత్రమున్న, కొంత వెసులుబాటు కలదు. అది తమ కారు భాగమునకు వర్తించునని ఎవరును తమంత తాము తలంపరాదు. అనుమతి లేక వచ్చిన సరకును 1962 నాటి కస్టమ్సు చట్టము క్రింద స్వాధీనపరచుకొని జరిమానా విధింపవచ్చును. దిగిన 30 దినములలో విడిపింపనిచో, నోటీసు ఇచ్చి అమ్మివేయవచ్చును.

ఇక వస్తువు సరిపోవుట. జపానులో బండ్లు మనవలెనే రోడ్డునకు ఎడమప్రక్క నడచును. అమెరికా, జర్మనీలలో కుడిప్రక్క నడచును. అచ్చటి స్టీరింగు భాగములు, ముందుదీపములు మన బండ్లకు పనికిరాకపోవచ్చును. పేరొక్కటే చూడక, భాగముపై చెక్కిన నంబరును ఫొటో తీయించి సరిచూచుకొనవలెను. ఇంజనునే మార్చినచో నమోదు అధికారికి తెలిపి ఆర్‌సీలో వ్రాయించవలెను. వాడిన బ్రేకు భాగములను మాత్రము ఎంత చవుకయైనను కొనరాదు.

లెక్క ముగిసిన పిదప ఆ సభ్యుడు కొంతసేపు మాటాడలేదు. తరువాత సొమ్ము పంపుట మాని, బెజవాడ ఆటోనగరులో విచారించి వచ్చెదనని లేచిరి. అచ్చట వస్తువును చేతితో పట్టి చూడవచ్చును, చెడినచో దుకాణమునకు మరల పోవచ్చును. విదేశపు వర్తకునికి సొమ్ము చేరిన పిమ్మట మనకు మిగులునది వాని మాట యొక్కటే. కావున సభ్యులు సొమ్ము పంపకమునుపే ఆ కాగితమును సంఘమునకు తీసికొనివచ్చి లెక్క చూపించుకొనవలెనని కోరుచున్నాము.