మీకు తెలుసా? ఎదుటివాడి ఎత్తే అసలు లెక్క

ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించి మనం ఎత్తు వేయాల్సిన వ్యవహారాలను లెక్కగట్టేదే గేమ్ థియరీ. అవి మన చుట్టూ బోలెడు.

• కోల్‌కతా–చెన్నై హైవే మీద వచ్చే బస్సులు తిరుపతి వైపు తిరిగేది నాయుడుపేట దగ్గరే. అలాంటి కూడళ్లలో టీ కొట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయెందుకు? ఒకడు కాస్త దూరం జరిగాడా, మధ్యలో బేరంలో సగం పక్కవాడిదే. 1929లో ఆర్థికవేత్త హెరాల్డ్ హోటెలింగ్ తేల్చింది ఇదే.

• 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం షాపులకు లాటరీ తీశారు. దరఖాస్తు రుసుము 2 లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు. దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. కొత్తగా పడే ప్రతి దరఖాస్తూ ముందు వేసినవాళ్ల అదృష్టానికి గండి కొట్టేదే. తక్కువ దరఖాస్తులు వేద్దామని సిండికేట్లు కట్టేది అందుకే, ఒక్కడు మాట తప్పితే చెదిరిపోయేదీ అందుకే. ఒక్క సీసా అమ్ముడుపోకముందే సర్కారుకు సుమారు 1,800 కోట్లు వచ్చాయి. ఇందులో ఓడిపోని ఆటగాడు ప్రభుత్వమే!

• అన్నిటికన్నా తమాషా చీటీ పాట. 20 మంది, నెలకు తలా 5 వేలు, లక్ష చీటీ. అవసరమున్న ఒకాయన 25 వేలు వదులుకుని 75 వేలకు పాడుకున్నాడనుకోండి. ఆ 25 వేలలో నిర్వాహకుడి కమీషన్ 5 వేలు పోగా మిగిలిన 20 వేలు అందరికీ పంచితే తలా వెయ్యి. ఆ నెల కట్టాల్సింది 4 వేలే. మామూలు వేలంలో ఓడినవాడికి దక్కేదేమీ లేదు. ఇక్కడ పాట పెరిగేకొద్దీ అందరి వాటా పెరుగుతుంది. అందుకే డబ్బు అక్కర్లేనివాడు కూడా ‘ఇరవై మూడు’, ‘ఇరవై నాలుగు’ అంటూ ఎగదోస్తాడు. ఎదుటివాడు చటుక్కున ఊరుకున్నాడో, చీటీ ఇతని మెడకే చుట్టుకుంటుంది.

• నోరు విప్పి పాడే వేలంలో ధర నిలిచేది గెలిచినవాడి అవసరం దగ్గర కాదు, రెండోవాడు చేతులెత్తేసిన చోట. ఈ సంగతిని 1961లో లెక్కలతో చూపిన ఆర్థికవేత్త విలియం విక్రీకి 1996లో నోబెల్ ప్రకటించారు. మూడు రోజులకే ఆయన చనిపోయారు.

• మళ్లీ చీటీకి వస్తే, ముందే పాడుకున్నవాడికి మిగతా వాయిదాలు ఎగ్గొట్టాలనిపించవచ్చు. ష్యూరిటీలు అడిగేది ఆ ఆశకు కళ్లెం వేయడానికే. నిర్వాహకుడికీ కళ్లెం ఉంది: 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ మొత్తానికి సరిపడా హామీ ముందే చూపాలి, చీటీని రిజిస్టర్ చేయించాలి. చేరేముందు ఆ రిజిస్ట్రేషన్ కాగితం అడిగి చూడండి. మొహమాటపడకండి.