వెలుతురు వేటలో కుందేలు

తూర్పు ఇంగ్లండులో లింకన్‌షైర్, కేంబ్రిడ్జ్‌షైర్, నార్‌ఫోక్ కౌంటీలు కలిసేచోట ఫెన్స్ అనే ప్రాంతం ఉంది. ఒకప్పుడు చిత్తడి నేల. కాలవలు తవ్వి, నీళ్లు తోడి, పొలాలు చేశారు. కొండా గుట్టా లేని ఆ బయళ్లలో ఎటు చూసినా గోధుమ, షుగర్ బీట్ పైర్లు, వాటి నడుమ తాడు పట్టి గీసినంత తిన్నగా సాగే మురుగు కాలవలు. గోధుమవన్నె అడవి కుందేలుకు అంతకన్నా మంచి చోటు లేదు. దొంగచాటుగా వేటాడేవాళ్లకూ అదే నచ్చుతుంది. చంద్రుడు లేని రాత్రి, అడుగుల చప్పుడు వినపడనంతగా గాలి వీచే రాత్రి చూసుకుని బయల్దేరతారు. చేతిలో చాలా దూరం కొట్టే లైటు, పక్కన గ్రేహౌండ్ సంకరంతో పుట్టిన లర్చర్ కుక్క. ఈ వేటను అక్కడ ల్యాంపింగ్ అంటారు.

పైకి చూస్తే ఇది కుక్కకూ కుందేలుకూ మధ్య పరుగు పోటీ. కానీ అడవి కుందేలు ప్రాణం కాళ్లకన్నా ముందు కళ్ల మీద ఆధారపడి ఉంది. లైటు దెబ్బకొట్టేది అక్కడే.

పెంపుడు కుందేళ్లకు మూలమైన రాబిట్ జాతి బొరియ తవ్వుకుంటుంది. ప్రమాదం వస్తే అందులో దూరితే చాలు. హేర్ అనే ఈ అడవి కుందేలుకు బొరియ లేదు. గడ్డిలోనో చాళ్లలోనో నేలను కాస్త గీరి, ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని పగలంతా అందులో అణిగి ఉంటుంది. దాక్కునే ఇల్లు లేని జంతువుకు మిగిలింది పరుగే. కాబట్టి దాని గుండె పెద్దది. రాబిట్ గుండె దాని బరువులో సుమారు 0.3 శాతమైతే, ఈ కుందేలుకు ఒక శాతం దాటుతుంది. వెనక కాళ్లు పొడవు. గంటకు 70 కిలోమీటర్ల దాకా పరుగు తీయగలదు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో తల తిప్పకుండానే దాదాపు చుట్టూ అంతా కనిపిస్తుంది. సరిగ్గా ముక్కు ముందు కొద్దిపాటి జాగా మాత్రం కనపడదు.

ఆ చూపును అది ఎంత తెలివిగా వాడుకుంటుందో ఆంథనీ హోలీ అనే పరిశీలకుడు 1993లో ప్రచురించాడు. నక్క బయట పడి దగ్గరికి వస్తుంటే కుందేలు పారిపోదు. వెనక కాళ్ల మీద నిటారుగా లేచి, నక్కవైపు తిరిగి నిలబడుతుంది. నక్క పొంచి పట్టే జంతువు. తనను చూసేశారని తెలిస్తే దాని పని అయిపోయినట్టే, మరో దారి చూసుకుంటుంది. కుక్క వస్తే మాత్రం కుందేలు అలా లేచి నిలబడదు. కుక్క వెంటపడి తరిమే జంతువు కనక దానికి కనిపించి లాభం లేదు. అంటే ఈ కుందేలు శత్రువును చూడటమే కాదు, ఆ శత్రువు ఏ రకమో గుర్తించి ఏం చెయ్యాలో తేల్చుకుంటోంది. దీనికంతటికీ కావలసింది ఒక్కటే, శత్రువు ముందుగా కనపడటం.

ఇక చీకట్లోకి వద్దాం. రాత్రి చూపు రెటీనాలోని దండ కణాలది. వాటిలోని రొడాప్సిన్ కొద్దిపాటి కాంతికే స్పందిస్తుంది. పెద్ద వెలుతురు పడితే ఆ వర్ణకం విరిగి, మళ్లీ తయారవడానికి సమయం తీసుకుంటుంది. మనిషి కంటికి చీకటి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది. కటిక చీకట్లో మేస్తున్న కుందేలు కంట్లోకి ఉన్నట్టుండి లైటు కొట్టినప్పుడు, ఆ వెలుగు తప్ప మరేమీ కనపడని స్థితి వస్తుంది. లైటు పట్టుకున్న మనిషి దాని వెనక చీకట్లో ఉంటాడు. కుక్క ఆ వెలుతురు వెంటే వస్తుంది. వచ్చేది నక్కా, కుక్కా, లేచి నిలబడాలా, పరిగెత్తాలా అని తేల్చుకునే వీలు కుందేలుకు లేకుండా పోతుంది.

అయినా వేటగాడి పనీ తేలిక కాదు. లైటు దూరానికి లొంగుతుంది. దూరం రెట్టింపైతే నేలమీద పడే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కుందేలు ఒంటిమీద తగిలి తిరిగి మన కంటికి చేరేది పదహారో వంతే. దూరాన జంతువును పట్టిచ్చేది సాధారణంగా దాని కన్ను. పిల్లి, నక్క, కుక్క, జింకల రెటీనా వెనక టాపీటమ్ లూసిడమ్ అనే పొర ఉంటుంది. లోపలికి వచ్చిన కాంతిని అది తిప్పికొట్టి, రెటీనాకు రెండోసారి అందిస్తుంది. అందుకే వాటి కళ్లు పచ్చగా, తెల్లగా మెరుస్తాయి. కుందేళ్లకు ఆ పొర లేదు. కంటి వెనక రక్తనాళాల మీద పడి వచ్చే మసక ఎరుపు మాత్రమే కనిపిస్తుంది. కళ్లు పక్కలకు ఉంటాయి కాబట్టి చాలాసార్లు ఒక్క కన్నే కనపడుతుంది. గడ్డిలో అణిగి తల దించుకుంటే అదీ కనపడదు.

పరుగు మొదలయ్యాక లెక్క ఇంకా బిగుసుకుంటుంది. ఐదు డిగ్రీల వెడల్పున్న కాంతిపుంజం 150 మీటర్ల దూరంలో 13 మీటర్ల మేర వెలుగు పరుస్తుంది. నడిమధ్యనున్న కుందేలు సెకనుకు 15 మీటర్ల వేగంతో అడ్డంగా దూకితే, అర సెకను గడవకముందే చీకట్లో ఉంటుంది. చూసి చెయ్యి కదపడానికే మనిషికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఈలోగా కుక్కకు గురి పోతుంది. గ్రేహౌండ్ జాతి జాగిలాలు వాసన పట్టి కాక చూసి తరుముతాయి. మన పక్కనే బాగల్‌కోట్ జిల్లా ముధోల్ జాగిలాలూ అదే కోవకు చెందినవి. వెలుతురు తప్పితే అవి ఎటు పోవాలో తెలియక ఆగిపోతాయి. పైగా కుక్క కుందేలును సమీపించేకొద్దీ దాని నీడే కుందేలు మీద పడుతుంది. చీకట్లో కాలవలు, ముళ్లకంచెలు తగిలి కుక్కలు గాయపడటమూ ఉంది. కంచెలో సందు ఎక్కడుందో ఆ చుట్టుపక్కలే తిరిగే కుందేలుకు తెలుసు, కుక్కకు తెలియదు.

పరుగులో కుందేలు ఉన్నట్టుండి తీసుకునే మలుపుల సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. ఎందుకంటే కుక్క బరువెక్కువ కాబట్టి తిరగలేదని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. మలుపు తిరగడానికి కావలసిన పట్టు బరువుతోపాటే పెరుగుతుంది, కాబట్టి బరువు ఒక్కటే అడ్డంకి కాదు. వేగమే అసలు అడ్డంకి. పట్టు బాగా దొరికే గడ్డినేల మీద కూడా సెకనుకు 17 మీటర్ల వేగంతో పోతున్న జంతువు తీసుకునే మలుపు వ్యాసార్థం సుమారు 30 మీటర్లకు తగ్గదు. వేగం సగానికి తగ్గితే ఏడున్నర మీటర్లు చాలు. ఎప్పుడు వేగం తగ్గించాలో, ఎటు తిరగాలో కుందేలుకు ముందే తెలుసు, ఆ నిర్ణయం దానిది. కుక్కకు తెలిసేది అది తిరిగాక. ఆ వేగంలో సెకనులో ఐదో వంతు ఆలస్యమైనా మూడు మీటర్లకు పైగా ముందుకు దూసుకుపోతుంది. కబడ్డీలో కూతగాడు ఒక పక్కకు ఒళ్లు వంచి మరో పక్కకు జారుకున్నప్పుడు పట్టేవాడికి జరిగేదీ అదే.

లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీకి చెందిన ఆలన్ విల్సన్ బృందం బోట్స్వానాలో చీటాలకు, ఇంపాలా జింకలకు, సింహాలకు, జీబ్రాలకు పట్టీలు కట్టి వాటి కదలికలను కొలిచింది. 2018లో వచ్చిన ఆ ఫలితం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. వేటాడే జంతువు కండబలంలో, వేగంలో, వేగం పెంచుకోవడంలో తనకు ఎరయ్యే జంతువును మించే ఉంటుంది. అయినా ఎర బతుకుతోంది. అది తన పూర్తి వేగంతో పరిగెత్తకుండా, చివరి క్షణంలో ఎటైనా తిరిగే వీలు మిగుల్చుకుంటుంది. ఎటు తిరుగుతుందో తెలియనివ్వకపోవడమే దాని ఆయుధం. ఈ ఆయుధం పనిచెయ్యాలంటే వెనక ఎంత దూరంలో ఎవరున్నారో కనపడుతూ ఉండాలి. తొందరపడి తిరిగితే కుక్క కోసుకు వచ్చేస్తుంది, ఆలస్యం చేస్తే నోట పడుతుంది. కళ్లు చెదిరిన కుందేలుకు ఆ సరైన క్షణం తెలియదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో కుందేళ్లను కుక్కలతో వేటాడటాన్ని 2004 నాటి హంటింగ్ యాక్ట్ నిషేధించింది. 2005 ఫిబ్రవరిలో అది అమల్లోకి వచ్చింది. కుందేళ్ల వెంట కుక్కల్ని వదిలే, 1836లో మొదలైన వాటర్లూ కప్ పందేలు ఆ ఏడాదితోనే ముగిశాయి. భూమి యజమాని అనుమతిస్తే రాబిట్లను ఇప్పటికీ కుక్కలతో పట్టవచ్చు. అడవి కుందేళ్లను తరమడం మాత్రం ఆగలేదు, పందేల డబ్బు దాని వెనక ఉంది. 2022లో పార్లమెంటు శిక్షలు పెంచింది. పొలంలో జొరబడి కుక్కతో కుందేలును తరిమినవాళ్లకు ఆరు నెలల జైలు, పరిమితి లేని జరిమానా పడవచ్చు.

ఈ చట్టాలను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. జాలి ఒక్కటే దానికి కారణం కాదు. బ్రిటన్‌లో ఈ కుందేళ్లు ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా పిల్లలు పెడతాయి. పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. రెండు మూడు రోజులకే విడిపోయి వేరువేరు చోట్ల దాక్కుంటాయి. సూర్యాస్తమయమయ్యాక ముప్పావు గంటకు అవన్నీ పుట్టిన చోటికి చేరతాయి. తల్లి రోజుకు ఆ ఒక్కసారే వచ్చి, కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. దాదాపు నెల రోజులు ఇలాగే సాగుతుంది. రాత్రి తల్లి కుక్క నోట పడితే మర్నాడు పాలు లేవు. ఒక తల్లి చావుతో ఎన్ని పిల్లలు పోయాయో లైటు పట్టుకున్నవాడికి ఎప్పటికీ కనపడదు.

మన చెవులపిల్లి కూడా ఇదే లెపస్ ప్రజాతికి చెందింది. మెడ వెనక నల్లమచ్చ దాని గుర్తు. తలకు లైట్లు కట్టుకుని, కుక్కల్ని వెంటబెట్టుకుని చేలల్లో తిరిగే వేట మన జిల్లాల్లోనూ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

అదే లైటు ఈ జంతువుకు మేలు చేసే దారీ ఒకటుంది. ఉత్తర ఐర్లండులో ఐరిష్ కుందేళ్లను రాత్రిపూట లైటు వేసి లెక్కిస్తారు. పగలు గుంటలో అణిగి ఉండే జంతువు మేతకు బయటికి వచ్చేది అప్పుడే. కారులో నిదానంగా వెళ్తూ ఇరుపక్కలా వెలుగు తిప్పుతారు. కనిపించిన ప్రతి కుందేలూ ఎంత దూరంలో ఉందో రాసుకుంటారు. దూరం పెరిగేకొద్దీ ఎన్ని కనపడకుండా తప్పిపోతాయో ఆ అంకెలనుంచే అంచనా వేసి, మొత్తం ఎన్ని ఉంటాయో కడతారు. అటవీ శాఖ అనుమతితో మన డిగ్రీ కాలేజీల జంతుశాస్త్ర విద్యార్థులు అనంతపురం, మహబూబ్‌నగర్ మెట్టభూముల్లో ఇదే పద్ధతిలో చెవులపిల్లుల్ని లెక్కపెట్టవచ్చు. కావలసింది ఒక వాహనం, ఒక లైటు, దూరం కొలిచే పరికరం, ఏటా అదే దారిలో అదే కాలంలో తిరిగే ఓపిక. వెలుగు ఒక్కో జంతువు మీద కొద్ది క్షణాలకు మించి నిలపకూడదన్న నియమం మొదటి రాత్రి నుంచే పెట్టుకోవాలి.