కంప్యూటరులో ధ్వని సవరణ: అమర్చు విధము, దోష నివారణము

సహకార సంఘమునకు వాటాల సొమ్ము మాత్రమే మూలధనము కాదు. సభ్యుల నమ్మకమును మూలధనమే. ఆ నమ్మకము సభలో చెప్పిన మాట అందరికి ఒక్కటిగా వినబడుటపై ఆధారపడి యుండును. జిల్లా కేంద్రమునుండి అధికారి కంప్యూటరు ద్వారా మాటలాడుచు పంట ఋణమును గూర్చి “అరువది వేలు” అని చెప్పగా, వెనుక వరుసలోని వృద్ధ సభ్యుడు “ఇరువది వేలు” అని విన్నాడనుకొందము. పిదప ఆయన చేయి యెత్తి యిచ్చిన సమ్మతి తాను విన్న మాటకే గాని చెప్పిన మాటకు కాదు.

2022వ సంవత్సరము జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. లెక్కల కొరకు వచ్చిన కంప్యూటరునే దూరమున నున్నవారి ఉపన్యాసములను వినుటకును, సభా కార్యక్రమములను రికార్డు చేసి వినిపించుటకును వాడుకొనవచ్చును. అట్టి చోట్ల మాట బొంగురుగా వచ్చినచో దానిని సవరించు ఉచితమైన సాఫ్టువేరులు కలవు. వానిలో విండోస్ కంప్యూటర్లకు తగిన “ఈక్వలైజర్ ఏపీవో” అను దానిని గూర్చి యిందు వివరించుచున్నాము.

మాట యేల తెలియదు?

ధ్వని యనగా గాలిలోని కంపనము. సెకనునకు ఎన్ని కంపనములో హెర్ట్జులలో చెప్పుదురు. పురుషుని కంఠపు అడుగు స్వరము సాధారణముగా 100 మొదలు 150 హెర్ట్జుల ప్రాంతమునను, స్త్రీలది 200 ప్రాంతమునను ఉండును. మాటకు బలము ఈ క్రింది భాగమునుండి వచ్చును. స్పష్టత మాత్రము పై భాగమునుండి వచ్చును. “ఇ” కారమును “అ” కారమునుండి వేరుపరచు గుర్తులలో ముఖ్యమైనది 2,000 హెర్ట్జుల ప్రాంతమున నున్నది. స, శ, చ వంటి హల్లుల గుర్తులు అంతకంటె పైన నుండును.

వయసు మీరిన కొలది మొదట తగ్గునది ఈ పై భాగపు వినికిడియే. దానికి తోడు రేకుల కప్పు, వట్టి గోడలు గల గదిలో ప్రతిధ్వని మాటను కప్పివేయును. కావుననే “చప్పుడు వినవచ్చుచున్నది గాని మాట తెలియుట లేదు” అని పెద్దలు చెప్పుదురు. అప్పుడు ధ్వనిని మొత్తముగా పెంచినచో బొంగురుతనమే పెరుగును. అది చెరువు తూములన్నియు ఒక్కమారు ఎత్తుట వంటిది. తడి చాలిన మడికిని నీరు పారును, ఎండిన మడికిని పారును. ఈక్వలైజరు అనగా ఒక్కొక్క మడికి ఒక్కొక్క తూము. ఏ భాగమునకు ఎంత వలయునో అంతయే వదలవచ్చును.

అమర్చు క్రమము

మొదట ఈ సాఫ్టువేరును దాని రచయితలు ఉంచిన సోర్స్‌ఫోర్జ్ అను స్థలమునుండియే తెచ్చుకొనవలెను. దీనికి వెల లేదు. సొమ్ము అడుగు చోటును, వేరు పేర్లతో దొరకు నకళ్లను విడిచిపెట్టవలెను. స్థాపించునప్పుడు కంప్యూటరులోని ధ్వని పరికరముల పట్టిక కనబడును. మీరు నిజముగా వాడు స్పీకరు ఏదో దానికే గుర్తు పెట్టి, కంప్యూటరును ఒకమారు ఆపి మరల ప్రారంభింపవలెను. ఈ పని మరచుటవలన కలుగు చిక్కులు పెక్కు.

పిమ్మట సవరణల పుటను తెరచి, మొదటి వరుసయగు “ప్రీయాంప్”ను మైనస్ 6 డెసిబెళ్లకు దించవలెను. దీనికి కారణము కలదు. కంప్యూటరులో ధ్వనికి ఒక పరిమితి యున్నది. అంచుదాక నిండిన కుంచముపై ఇంకను ధాన్యము పోసినచో కొలగాడు తలగొట్టునట్లు, పరిమితి మీరిన ధ్వని తల తెగిపోయి గరగరమనును. ముందే కొంత వెలితి యుంచినచో తరువాత పెంచుటకు చోటుండును.

తరువాత మూడు సవరణలు చాలును. ఒకటి, 100 హెర్ట్జులకు క్రిందిదానిని తగ్గించు “హై పాస్” సవరణ. దీనివలన పంకా రొదయు, బల్ల తగిలిన దద్దరింపును తగ్గును. రెండు, 300 హెర్ట్జుల ప్రాంతమున 3 డెసిబెళ్లు తగ్గించుట. దీనివలన బొంగురుతనము పోవును. మూడు, 3,000 హెర్ట్జుల ప్రాంతమున 3 డెసిబెళ్లు పెంచుట. దీనివలన మాట తేటపడును. ప్రతి 3 డెసిబెళ్లకు ధ్వనిశక్తి సుమారు రెండింతలగును గనుక కొద్దిపాటి మార్పే చాలును. “స” కారము చెవిని గుచ్చుచున్నచో మూడవ దానిని కొంత దింపవలెను.

పరీక్షించుట యిట్లు. ఒకరు ఇరువది, అరువది, డెబ్బది, తొంబది వంటి పది అంకెలను క్రమము తప్పించి చదివి రికార్డు చేయవలెను. వెనుక వరుసలో పెద్దవారొకరు కూర్చుండి, సవరణ లేకుండ ఒకమారు, సవరణతో ఒకమారు విని, వినిన అంకెలను పైకి చెప్పవలెను. రెండు మారులును ధ్వని తీవ్రత సమానముగా నుండవలెను; ఏలయన బిగ్గరగా వినబడినదే మేలైనదని చెవి మోసపోవును. తప్పులు తగ్గినచో సవరణ సరియైనది.

దోషములు, నివారణములు

సవరణ చేసినను మార్పేమియు తెలియనిచో మూడు సంగతులు చూడవలెను. కంప్యూటరును మరల ప్రారంభించితిరా? పట్టికలో గుర్తు పెట్టిన స్పీకరును, ఇప్పుడు మ్రోగుచున్న స్పీకరును ఒక్కటేనా? విండోస్ ధ్వని పుటలో ఆ పరికరమునకు “ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్” ఆపివేయబడి యున్నదా? అది ఆపి యున్నచో ఈ సాఫ్టువేరు పని చేయజాలదు.

ధ్వని బొత్తుగా రానిచో, అది వేరు పరికరమునకు పోవుచున్నదేమో చూడవలెను. టీవీని తీగతో కలిపినప్పుడు ధ్వని దానికి మరలుట సామాన్యము. అది కారణము కానిచో పట్టికలో గుర్తు తీసివేసి, కంప్యూటరును మరల ప్రారంభించి చూడవలెను. అప్పుడు ధ్వని వచ్చినచో చిక్కు సవరణలో నున్నది. రానిచో స్పీకరులోనో తీగలోనో యున్నది.

గరగర వినబడినచో ప్రీయాంప్‌ను ఇంకను దింపవలెను. మాట వింతగా మారినచో, కంప్యూటరు చేసినవారు ఇచ్చిన వేరొక ధ్వని సవరణ కూడ నడచుచున్నదేమో చూచి, రెంటిలో ఒకదానినే ఉంచవలెను. నిన్నటివరకు పనిచేసి నేడు మానినచో, విండోస్ నవీకరణవలన పరికరపు డ్రైవరు మారి యుండవచ్చును. పట్టికను తెరచి మరల గుర్తు పెట్టవలెను.

ఎడతెగని గుయ్యిమను రొద వచ్చినచో ల్యాప్‌టాప్ చార్జరును తీసి చూడవలెను. రొద ఆగినచో అది 50 హెర్ట్జుల కరెంటువలన, ఎర్తు లోపమువలన వచ్చుచున్నదని తెలియును. దానికి ఎలక్ట్రీషియనే మందు. బ్లూటూత్ పరికరపు మైకును వాడినప్పుడు ధ్వని టెలిఫోనువలె సన్నబడినచో, ఆ మైకును మాని తీగ మైకును వాడుట మేలు.

దీని పరిమితి

తూర్పారబట్టిన పొల్లు పోవును గాని, తాలు గింజ కాదు. మైకులో పడని మాటను ఏ సాఫ్టువేరును పుట్టింపజాలదు. మైకునకు నోటికి గల దూరమును సగము చేసినచో మాట తీవ్రత సుమారు 6 డెసిబెళ్లు పెరుగును. ఇది వెల లేని సవరణ. మరియు, మైకును కంప్యూటరుతో సంబంధము లేక నేరుగా యాంప్లిఫయరునకు కలిపియున్నచో ఈ సాఫ్టువేరు ఆ మాటను తాకదు. అప్పుడు యాంప్లిఫయరు మీది బిరడలనే త్రిప్పి సరిచేయవలెను.

కావున కార్యవర్గమువారు సభ జరుగుటకు ముందురోజుననే పైన చెప్పిన అంకెల పరీక్ష జరిపి, కుదిరిన సవరణలను ఒక పుస్తకములో వ్రాసి యుంచుట మంచిది. కార్యదర్శి మారినను అవి చెడవు. సొమ్ముకు సంబంధించిన ప్రతి అంకెను రెండుమారులు చదువుటయు, నల్లబల్లపై వ్రాసి చూపుటయు మానరాదు. వినబడని సభ్యుడు “మరల చెప్పుడు” అని యడుగుటకు సంకోచింపనక్కరలేదు. అట్లడుగుట ఆయన హక్కు.