రెండు లివర్లు... ఒక డీజే పాట!

పాటలెక్కడ పుడతాయని అడిగితే మనమంతా టక్కున చెప్పే జవాబు ఒకటుంది. మద్రాసులోనో, ప్రసాద్ ల్యాబ్‌లోనో, మ్యూజిక్ సిట్టింగులో, హార్మోనియం పెట్టె ముందు అని! కానీ 2024 సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్ కుర్రకారు నోట తెగ నానిన రెండు మాటలున్నాయి చూశారూ... అవి అలా పుట్టలేదు. ఒకటి రోడ్డు పక్క ముసలాయన నోట పుట్టింది. ఇంకోటి అన్నం బండి దగ్గర, బిల్లు లెక్క చెబుతుంటే పుట్టింది.

మొదటి మాట సంగతి మీకు వేరే చెప్పేదేముంది! యూసఫ్‌గూడ వైపు తిరిగే ఒక పెద్దాయన ముందు యూట్యూబ్ వాళ్ళు మైకు పెడితే తన గొడవలన్నీ ఏకరువు పెట్టాడు. ఆ ధాటిలో కుర్చీ మడతపెట్టిన వైనం కూడా బూతుతో సహా సెలవిచ్చాడు. ఇంకేం! ఆ నాలుగు ముక్కలు ఫోన్ నుంచి ఫోన్‌కి గెంతుకుంటూ పోయాయి. పాపం ఆయన అసలు పేరు పోయి ‘కుర్చీ తాత’ మిగిలింది. 2023 డిసెంబర్ చివర్లో ‘గుంటూరు కారం’ పాట బయటికొచ్చేసరికి అదే మాట పల్లవిలో కూర్చుంది. తమన్ బాణీ, రామజోగయ్య శాస్త్రి రచన, సాహితి చాగంటి, శ్రీకృష్ణల గళాలు. జనవరి 12న సినిమా విడుదలైంది. మహేష్ బాబు, శ్రీలీల ఆ పాటకి వేసిన స్టెప్పులు చూసి హాల్లో కుర్చీలో కూర్చున్నవాడు లేడు! బూతు ముక్క మాత్రం పాటలోకి రాలేదు లెండి. సెన్సారు వారి భయమో, శాస్త్రిగారి సంస్కారమో.

అదే ఏడు అమెరికాలో హ్యూస్టన్ రాకెట్స్ వారి బాస్కెట్‌బాల్ ఆట విరామంలో మన తెలుగువాళ్ళు గుంపుగా దిగి ఈ పాటకే డాన్సు చేశారు. యూసఫ్‌గూడ ఎక్కడ, హ్యూస్టన్ ఎక్కడ!

జనం మాట సినిమా పాటలోకి రావడం కొత్తేమీ కాదు. 1955లో ‘రోజులు మారాయి’లో వహీదా రెహమాన్ ఆడిన ఏరువాక పాట కోసం కొసరాజు గారు పల్లె పదాన్నే పట్టుకొచ్చారు. తేడా ఎక్కడుందంటే, అప్పుడా పదానికి ఫలానా వాడిదని యజమాని లేడు. ఊరందరిదీ. ఇప్పుడు మాట అన్న మనిషి ముఖం, గొంతు, నిలబడ్డ చోటు కూడా అందరికీ తెలుసు.

ఇక రెండో మాట. నిజం చెప్పాలంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఇందులో తిట్టు లేదు, పంచ్ డైలాగు లేదు, ఒట్టి బిల్లు!

మాదాపూర్‌లో దుర్గం చెరువు, దాని మీద 2020లో తెరిచిన కేబుల్ బ్రిడ్జి, పక్కనే ఐటీసీ కోహినూర్ అనే నక్షత్రాల హోటలు. ఆ హోటలుకి కూతవేటు దూరంలో రోడ్డు పక్కన గిన్నెలు పేర్చుకుని 2011 నుంచి భోజనం పెడుతోంది కుమారి ఆంటీ. గుడివాడ వైపు నుంచి వచ్చినావిడ. అన్నం, పప్పు, చికెన్, మటన్, బోటీ, రొయ్యలు, లివరు... మధ్యాహ్నమైతే మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, ఆటోవాళ్ళు, డెలివరీ అబ్బాయిలు ఒకే వరసలో నిలబడి తింటారు. పన్నెండేళ్ళు అలాగే గడిచింది. తర్వాత ఫుడ్ వీడియోల వాళ్ళొచ్చారు. ఒక వీడియోలో ఆవిడ ఎవరికో లెక్క చెప్పింది. మొత్తం థౌజండ్ అయిందనీ, అందులో రెండు లివర్లు ఎక్స్‌ట్రా అనీ. అంతే!

ఫుట్‌పాత్ భోజనానికి వెయ్యి రూపాయలా అని కొందరు నోరెళ్ళబెట్టారు. ఆ వెయ్యిని ఆవిడ ఎంత తీరిగ్గా, ఎంత ఆప్యాయంగా చెప్పిందో విని కొందరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. డీజే బాబులు మాత్రం నవ్వి ఊరుకోలేదు. కత్తిరించి తీన్‌మార్ దరువు మీద కూర్చోబెట్టారు.

ఈ పని ఎలా చేస్తారో తెలుసా? చెప్పిన మాటని చిన్న చిన్న ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క దరువు పడే చోట సరిగ్గా పడేలా ముందుకో వెనక్కో జరుపుతారు. గొంతుని ఆటోట్యూన్‌లో వేస్తే మామూలు మాట కాస్తా దగ్గర్లో ఉన్న స్వరం మీదకి పోయి నిలబడుతుంది. నచ్చిన ముక్కని నాలుగు సార్లు తిప్పితే పల్లవి రెడీ. ఇందులో మన భాష చేసే సాయం ఇంతా అంతా కాదు. తెలుగు మాట మామూలుగా అచ్చుతో ముగుస్తుంది కదా, ఎంత లాగితే అంత సాగుతుంది. ఆఖరికి అరువు తెచ్చుకున్న ‘ఎక్స్‌ట్రా’ కూడా చివర దీర్ఘంతో ఉంది. గాయకుడికి ఆలాపన చేసుకోవడానికి అంతకన్నా అనువైన చోటు ఏ గీతరచయిత ఇస్తాడు చెప్పండి!

సినిమా వాళ్ళు ఊరుకుంటారా? ‘ఊరు పేరు భైరవకోన’ ప్రచారం కోసం సందీప్ కిషన్ ఆ బండి దగ్గరికే వెళ్ళి భోంచేశాడు. హీరో వస్తే జనం, జనం వస్తే కెమెరాలు, కెమెరాలొస్తే ఇంకా జనం. ఆఫీసులు వదిలే వేళ ఆ రోడ్డు ఎలా ఉంటుందో మాదాపూర్‌లో బండి నడిపేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తినేవాళ్ళు పది మందయితే తీసేవాళ్ళు ఇరవై మంది. 2024 జనవరి 30న ట్రాఫిక్‌కి అడ్డమని పోలీసులు వ్యాపారం ఆపించారు. పన్నెండేళ్ళు ఎవరికీ అడ్డం రాని గిన్నెలు, పాట హిట్టయిన నెలలోనే అడ్డమయ్యాయి!

మర్నాడే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని, ఆవిడని అక్కడే వ్యాపారం చేసుకోనివ్వమని అధికారులకి చెప్పారు. సినిమాల్లో అయితే ఇక్కడ శుభం కార్డు పడుతుంది. కానీ కాస్త ఆలోచించండి. వీధి వ్యాపారుల కోసం 2014లోనే ఒక చట్టం వచ్చింది. ఖాళీ చేయించాలంటే ముప్ఫై రోజుల ముందు నోటీసివ్వాలని అందులో రాసుంది. ఆవిడ గొంతు ముఖ్యమంత్రి దాకా వినపడింది కాబట్టి సరిపోయింది. అదే కారిడార్‌లో రైల్వే స్టేషన్ నుంచి గచ్చిబౌలి దాకా ఇడ్లీ బండ్లు, మిర్చీ బజ్జీ బండ్లు ఎన్నో ఉన్నాయి. వాళ్ళ మీద రీమిక్సులు లేవు.

సరే, డబ్బు మాటకొద్దాం. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక సినిమా హాల్లో తప్ప మరెక్కడ సినిమా పాట వాడుకున్నా గీతరచయితకీ, సంగీత దర్శకుడికీ రాయల్టీలో వాటా హక్కుగా ఉంది. మంచిదే. మరి రోడ్డు మీద మాట అన్నవాళ్ళకి? నాలుగు ముక్కల మాటకి సాధారణంగా కాపీరైట్ ఉండదు. పోనీ ఇంటర్వ్యూ రికార్డింగు? అది తీసినవాడిది! అంటే కుర్చీ తాత మాట కుర్చీ తాతది తప్ప అందరిదీ.

ఇలాగే అవ్వాలని రాసిపెట్టి లేదు. 2010లో అమెరికాలో యాంటోయిన్ డాడ్సన్ అనే కుర్రాడు, తమ ఇంట్లో దూరిన దుండగుడి గురించి టీవీ వాళ్ళ ముందు కోపంగా మాట్లాడాడు. దాడి జరిగింది అతని చెల్లెలి మీద. గ్రెగరీ బ్రదర్స్ ఆ మాటల్ని పాట చేస్తే బిల్‌బోర్డ్ హాట్ 100లోకి ఎక్కింది. ఒక ఇంటి కష్టం మీద లోకమంతా చిందులేయడం ఏం బాగుందని అడిగినవాళ్ళూ ఉన్నారు, ఆ ప్రశ్న న్యాయమే. కానీ ఆ అన్నదమ్ములు డాడ్సన్‌ని సహ రచయితగా లెక్కేసి రాబడిలో వాటా ఇచ్చారు. ఆ డబ్బుతో ఆ కుటుంబం కొత్త ఇంటికి మారింది.

అంత దూరం ఎందుకు, మన దగ్గరే 2021లో ‘లవ్ స్టోరీ’లోని ‘సారంగ దరియా’ సంగతి గుర్తుంది కదా! మంగ్లీ పాడింది, సుద్దాల అశోక్ తేజ రాశారు, పాట ఊరూవాడా మారుమోగింది. అంతలో కోమలి అనే జానపద గాయని, ఈ పాట నేను సేకరించి టీవీలో పాడిందే కదా అని అడిగింది. నాలుగు రోజులు గొడవ నడిచింది. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకి పేరూ, పారితోషికం ఇస్తామని ముందుకొచ్చారు. కోర్టు చెప్పలేదు, చట్టం బలవంతపెట్టలేదు. అడగడానికి ఒక మనిషి ఉంది, వినడానికి ఇంకో మనిషి ఉన్నాడు.

టైటిల్ కార్డుల్లో మనవాళ్ళు టీ అందించిన ప్రొడక్షన్ బాయ్ నుంచి జంతువుల డాక్టరు దాకా అందరి పేర్లూ వేస్తారు. గీతరచయిత పేరు కింద ‘ఊతపదం: ఫలానా వారు’ అని ఒక్క వరస వేస్తే ఏ నిర్మాతకి నష్టం? ఇప్పటికే ఏ బస్టాపులోనో, ఏ బజ్జీల బండి దగ్గరో వచ్చే సంక్రాంతి పాటకి పల్లవి తయారయ్యే ఉంటుంది. ఫోన్ ఎత్తి తీసే తమ్ముడూ, తీసేముందు ఆవిడ పేరు అడిగి రాసుకో. ఎలాగూ తీశావు కదా, ఒక ప్లేటు తిని, బిల్లు కట్టి మరీ రా. లివరు కావాలంటే మాత్రం ఎక్స్‌ట్రా!