పొద్దున్నే తుమ్ములా? ముందు మీ పరుపు సంగతి చూడండి

ఈ రోజు ఎపిసోడ్‌లో డస్ట్ అలర్జీ గురించి మాట్లాడుకుందాం. నిద్ర లేవగానే వరసగా పది పదిహేను తుమ్ములు, ముక్కు నీళ్లలా కారడం, కళ్ల దురద, తొమ్మిదయ్యేసరికి మళ్లీ అంతా మామూలే. ఇది మీకో, మీ ఇంట్లో ఎవరికో ఉంటే ఈ పది నిమిషాలు నాతో ఉండండి. జలుబైతే వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది. నెలల తరబడి రోజూ ఇదే తంతు అంటే అలర్జీ ఏమో అని అనుమానించాలి.

డస్ట్ అలర్జీ అనగానే మనకి రోడ్డు మీద దుమ్మే గుర్తొస్తుంది. లారీ వెనక బండి మీద వెళ్తే ఎవరికైనా తుమ్ములొస్తాయి, దగ్గొస్తుంది. దాన్ని అలర్జీ అనరు. ఏదో ఒక ప్రొటీన్‌ని మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువు అనుకుని పోరాటానికి దిగితే అది అలర్జీ. ఇంటి దుమ్ములో అలాంటి ప్రొటీన్లు బోలెడు తయారుచేసే జీవి ఒకటుంది. దాని పేరు డస్ట్ మైట్. సాలీడుకి, పశువుల్ని పట్టే గోమార్లకి దూరపు చుట్టం. ఎనిమిది కాళ్లు. సైజు మిల్లీమీటరులో నాలుగో వంతు, అటూ ఇటూగా. మామూలు కంటికి ఆనదు.

ఇంటి దుమ్ము పడని మనుషులున్నారని డాక్టర్లకి ముందు నుంచీ తెలుసు. ఆ దుమ్ములో ఏముందన్నదే తేలలేదు. 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా, వాళ్ల తోటివాళ్లు కలిసి దీనికి మూలం ఈ మైట్లేనని చెప్పారు. తేమ ఉన్న ఇళ్లలో ఇవి ఎక్కువని కూడా గమనించారు. ఈ తేమ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఇది కుట్టదు, రక్తం తాగదు. పొద్దున లేచేసరికి చేతుల మీద దద్దుర్లు వరసగా ఉంటే అవి నల్లులు కావచ్చు, ఆ కథ వేరే. మైట్ తినేది మన ఒంటి మీంచి రాలే చర్మపు పొలుసుల్ని. మనం రోజుకి ఆరేడు గంటలు ఎక్కడ ఉంటాం? మంచం మీద. వెచ్చగా ఉంటుంది, చెమట ఉంటుంది, తిండి రాలుతూనే ఉంటుంది. వాటికి అంతకంటే ఏం కావాలి!

మనకి పడనిది ముఖ్యంగా దాని మలం. ఒక్కో మైట్ రోజుకి ఓ ఇరవై చిన్న ఉండలు వదులుతుంది. అందులో దాని జీర్ణరసాల ప్రొటీన్లు ఉంటాయి. మైట్ చచ్చిపోయినా ఇవి ఎక్కడికీ పోవు, నెలల తరబడి పరుపులోనే ఉంటాయి. అందుకే చంపితే సరిపోదండి, బయటికి పంపాలి, లేదా మన ముక్కుకి అందకుండా మూసెయ్యాలి.

రీల్స్‌లో ఈ మైట్‌ని మైక్రోస్కోప్‌లో రాక్షసిలా చూపించి, "పదేళ్లలో మీ పరుపు బరువు వీటి వల్ల రెట్టింపు అవుతుంది" అని భయపెడతారు చూడండి, ఆ మాటకి ఆధారం ఏమీ లేదు. ఆ తర్వాత కింద ఏదో ఒక స్ప్రే లింక్ ఉంటుంది, గమనించారా? మైట్లు లేని ఇల్లు దాదాపు ఉండదు. అలర్జీ లేనివాళ్లు వాటి గురించి కంగారు పడాల్సిన పని కూడా లేదు. ఉన్నవాళ్లకి మాత్రం ఇది తుమ్ములతో ఆగకపోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లలో అదే మైట్ రాత్రిపూట ఆయాసం తెప్పిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మైట్ నీళ్లు తాగదు. గాల్లో ఉన్న తేమనే ఒంట్లోకి పీల్చుకుంటుంది. గాల్లో తేమ 70, 80 శాతం ఉంటే దానికి పండగ. 50 శాతం కంటే తగ్గి, అలాగే కొన్నాళ్లు ఉంటే మెల్లగా ఎండిపోయి చస్తుంది. దీన్నిబట్టి చూస్తే విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఏడాదంతా వాటికి అనుకూలమే. హైదరాబాద్ ఎండాకాలంలో గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ తగ్గాలి. తగ్గాలి కదా? కూలర్ ఉంటే తగ్గవు.

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో పీజీలో ఉంటాడు. వాడికి ఆస్తమా. ఈ మధ్య ఫోన్ చేసి, "అక్కా, పన్నెండు వేలు పెట్టి ఎయిర్ ప్యూరిఫైయర్ కొన్నా. అయినా రాత్రి రెండింటికి పిల్లికూతలతో లేస్తున్నా" అన్నాడు. వీడియో కాల్‌లో రూమ్ చూపించరా అన్నా. తలుపు, కిటికీ రెండూ మూసి ఉన్నాయి. మధ్యలో కూలర్ తిరుగుతోంది. ఓనర్ ఇచ్చిన పాత పరుపు, దాని మీద ఎప్పుడు ఉతికాడో తెలీని దుప్పటి. ప్యూరిఫైయర్ ఓ మూల నీలం లైటుతో మెరుస్తోంది.

ప్యూరిఫైయర్ తప్పేం చెయ్యలేదు పాపం. పొగ లాంటి సన్నటి వాటిని అది బాగానే పట్టుకుంటుంది. కానీ మైట్ ఉండలు వాటికంటే చాలా పెద్దవి, బరువు. పక్క దులిపితే లేస్తాయి, ఓ అరగంటలోపు మళ్లీ కింద పడిపోతాయి. అంతసేపూ మన ముక్కు ఎక్కడుంది? దిండు మీద. మూలనున్న మెషిన్ దాకా గాలి వెళ్లేలోపే మనం పీల్చేస్తాం.

ఇక కూలర్. అది నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది, అంటే గదిలోకి తేమ నింపుతుంది. కిటికీ బయట పెట్టి, లోపలి గాలి పోవడానికి ఇంకో దారి తెరిచి వాడాల్సిన వస్తువది. మూసిన గదిలో రాత్రంతా నడిపితే హైదరాబాద్ మే నెల కాస్తా కాకినాడ అయిపోతుంది. ఓ చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొనమన్నా, కొన్ని వందల్లో వస్తుంది. రాత్రి వాడి గదిలో 74 చూపించింది. ఫోన్‌లో వెదర్ యాప్ చూసి సరిపెట్టుకోకండి, అది బయటి లెక్క. మన ఫోన్లలో చాలావాటికి తేమ కొలిచే సెన్సార్ ఉండదు. ఏసీ ఉన్నవాళ్లకి ఇది సులువు, అది తేమ లాగేస్తుంది, డ్రై మోడ్ ఇంకా బాగా. లేనివాళ్లు ఫ్యాన్ వేసి, బయట పొడిగా ఉన్న వేళ కిటికీలు తెరవండి. తడి బట్టలు పడుకునే గదిలో ఆరేయకండి. వానాకాలంలో మనందరం చేసే పనే ఇది.

తర్వాత పక్క. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకాలి. వేడి అంటే 60 డిగ్రీలు. చన్నీళ్లలో ఉతికినా ఆ ప్రొటీన్ చాలావరకు కొట్టుకుపోతుంది, కానీ మైట్లు మాత్రం చాలావరకు బతికే ఉంటాయి. ఫ్రంట్ లోడ్ మెషిన్ అయితే 60 సెట్టింగ్ ఉంటుంది. హీటర్ లేని టాప్ లోడ్ అయినా, చేత్తో ఉతికినా ఇలా చెయ్యండి: మరిగే నీళ్లు సగం, కుళాయి నీళ్లు సగం. మన ఎండలకి అది సుమారు 60 దగ్గరికొస్తుంది. ముందు కుళాయి నీళ్లు పోసి ఆ తర్వాతే మరిగేవి కలపండి, చెయ్యి పెట్టకండి, కర్రతో ముంచండి, పిల్లల్ని దగ్గరికి రానీకండి. ఓ పదిహేను నిమిషాలు నాననిచ్చి తర్వాత మామూలుగా ఉతుక్కోవచ్చు. రంగు పోయే దుప్పట్లుంటే ఈసారి కొనేటప్పుడు తెల్లవి కొనుక్కోండి, అంతే.

మన అమ్మమ్మల పాత చీరల బొంతలు ఇందుకే నాకిష్టం, మొత్తం ఉతికి ఆరేసుకోవచ్చు. బూరుగు దూది దిండు అలా కాదు, తడిస్తే ఉండలు కడుతుంది. అలాంటి దిండుకి, పరుపుకి జిప్ ఉన్న దగ్గరి నేత కవర్ వెయ్యాలి. ఆరు వైపులా మూసుకుపోవాలి. పైపైన పరిచే ప్రొటెక్టర్ వేరు, ఇది వేరు. కొనేటప్పుడు రంధ్రాల సైజు 10 మైక్రాన్లలోపు ఉందా అని అడగండి. మైట్ ఉండలు అంతకంటే పెద్దవి కాబట్టి దాటలేవు. డబ్బులు తక్కువుంటే ముందు దిండుకి వేయండి, ముక్కుకి దగ్గరగా ఉండేది అదే కదా.

ఎండ మంచి మందే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పరుపు డాబా మీద పడేసి, మధ్యాహ్నం తిరగేస్తే వేడికి, పొడికి మైట్లు చస్తాయి. కాకపోతే కళేబరాలు, మలం లోపలే ఉంటాయి, కర్రతో బాగా దులపాలి. ఆ దులిపే పని అలర్జీ ఉన్నవాళ్లు చెయ్యకూడదు. చలికాలం రాగానే అటక మీంచి రగ్గులు దించి నేరుగా కప్పుకుంటాం చూడండి, అది కూడా మానాలి. ముందు ఉతకాలి, లేదా కనీసం ఎండలో వేసి దులపాలి.

ఇల్లు ఊడవడం గురించి పెద్దగా చెప్పను. మనవి బండలు, టైల్స్ కాబట్టి కార్పెట్ ఇళ్లకంటే మనం నయం. పొడి చీపురు బదులు తడిగుడ్డ పెట్టండి. పిల్లల టెడ్డీ బేర్‌ని కవర్లో పెట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత ఉతకండి. బేకింగ్ సోడా, వేపాకు, కర్పూరం గురించి అడుగుతారని తెలుసు. పరుపు మీద సోడా చల్లితే మైట్లు పోవు. సాంబ్రాణి పొగ అయితే ఆస్తమా ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్ని ఇంకా రేపుతుంది. దోమల కాయిల్ కూడా అంతే.

ఇంకో నిజం కూడా చెప్పాలి. కవర్ కొంటే ఆస్తమా పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. 2003లో ఇంగ్లండ్‌లో వెయ్యి మందికి పైగా పెద్దవాళ్ల మీద చేసిన ట్రయల్‌లో కవర్లు మాత్రమే వేస్తే ఆస్తమాలో తేడా కనిపించలేదు. 2017లో మాంచెస్టర్ వాళ్లు మైట్ అలర్జీ ఉందని టెస్టులో తేలిన పిల్లలకి వేసి చూస్తే, ఆస్తమా ముదిరి ఆస్పత్రికి పరిగెత్తాల్సి రావడం తగ్గింది. నాకు అర్థమయ్యేది ఏంటంటే, మైట్ అలర్జీ ఖాయంగా ఉన్నవాళ్లకి, అదీ తేమ, ఉతుకు, కవర్ మూడూ కలిపి చేస్తేనే ఈ ఖర్చుకి అర్థం ఉంటుంది. అది ఖాయం చేసుకోవడానికి చర్మం మీద చేసే ప్రిక్ టెస్ట్ గానీ, ఐజీఈ రక్తపరీక్ష గానీ ఉంది. ప్రిక్ టెస్ట్‌కి ముందు కొన్ని రోజులు అలర్జీ మాత్రలు ఆపమంటారు, ఎన్ని రోజులో డాక్టర్‌నే అడగండి.

మా వాడి సంగతిలో నాకు కోపం వచ్చింది కూలర్ మీద కాదు. రోజూ వాడమన్న ఇన్‌హేలర్‌ని రెండు నెలల కిందటే మానేశాడట. "అలవాటైపోతుందని రూమ్మేట్స్ అన్నారక్కా" అన్నాడు. రోజువారీ ఇన్‌హేలర్ వ్యసనం కాదండి. శ్వాసనాళాల్లో వాపు తగ్గించి ఉంచేది అదే, మానేస్తే వాపు మళ్లీ మొదలవుతుంది. దుప్పటి ఎంత ఉతికినా ఆ పని దుప్పటి చెయ్యదు. మర్నాడే డాక్టర్ దగ్గరికి పంపించాం, మళ్లీ మొదలుపెట్టాడు. డోసు పెంచడం, తగ్గించడం, ఆపడం అన్నీ డాక్టర్ చెప్పాకే. వాక్యం పూర్తి చెయ్యలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, వెంటనే పనిచెయ్యాల్సిన ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోయినా, ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి.

టెస్టులో మైట్ లేదని వస్తే మరి దేనివల్ల అంటారా? మన ఊళ్లలో తర్వాత అనుమానించాల్సింది వంటింటి బొద్దింకల్ని, బాత్రూమ్ గోడ మీద నల్లటి బూజుని. వచ్చే ఎపిసోడ్ బొద్దింకల మీదే. ఉంటానండి.